మంట ఉన్న బట్టీ

"మంట ఎవరు ఆపారు?"

అచ్చులమ్మ చంకలో బిందె ఇంకా దించలేదు. చూపు మాత్రం వీధి అవతల, పెంకుల ఫ్యాక్టరీ గోడ మీదుగా పైకి వెళ్లి పొగగొట్టం దగ్గర ఆగిపోయింది. పొగగొట్టం మీద ఆకాశం కడిగిపెట్టినట్టు ఉంది. ఇంకెవరికైనా ఆ ఉదయం హాయిగా ఉండేదే. ఆమె మాత్రం పొగ కోసం వెతుకుతోంది.

"అమ్మా, నిన్నే! నాన్న ఏడీ?"

"పెరట్లో ఒళ్లు కడుక్కుంటున్నాడు. పొద్దున్నే ఏమిటే ఆ కేకలు?" అంటూ పెద్దావిడ చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. కూతురు చూస్తున్న వైపే తనూ చూసింది. చీపురు చేతిలోంచి జారిపోయింది.

అప్పుడే అచ్చులమ్మ తండ్రి, బట్టీలో మంట చూసుకునే మేస్త్రి, తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఫ్యాక్టరీ గేటుకి కొత్త తాళం పడ్డప్పటి నుంచి ఆ ముఖంలో అంత తృప్తి ఎవరూ చూడలేదు.

"అమ్మడూ, వచ్చావా? ఇది చూడు," అని తువ్వాలు మడతలోంచి ఒక పెంకు తీశాడు. లోపలి మంట చూడటానికి బట్టీ గోడకి ఉండే కన్నులోంచి ఇనప కొక్కెంతో లాగిన నమూనా పెంకు అది. వేడి ఇంకా ఆరలేదు. గోటితో కొట్టాడు. ఖంగుమంది. "విన్నావా? ఇలా పండి ఎన్నాళ్లయింది! నీ అచ్చు, నా మంట. ఇంకొక్క కట్టె వేస్తే చెడిపోయేది. కట్టెలు వేసే నోళ్లన్నిటికీ మట్టి మెత్తేసి వచ్చాను."

"మెత్తేశావా?"

"మెత్తకపోతే చల్లగాలి దూరి పగిలిపోవూ?"

అచ్చులమ్మ బిందె కింద పెట్టింది. పెట్టడం కాదు, పడేసింది. నీళ్లు వాకిలంతా పారాయి.

"నాన్నా, మంట ఆగితే ఏమవుతుందో నీకు తెలుసా?"

మేస్త్రి వేలు పెంకు మీదే ఆగిపోయింది. అప్పటికి గుర్తొచ్చింది ఆయనకి. కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు ముఖంలో.

తెలియకపోవడం ఏముంది! ఆ వీధిలో పాకే పిల్లలకి కూడా తెలుసు. యజమాని కొడుకులు ఫ్యాక్టరీ భూమినంతా ఇళ్లు కట్టే కంపెనీకి అమ్మేశారు. అమ్మిన సంగతి పనివాళ్లకి చెప్పింది మనిషి కాదు, గేటు తాళం. తాళం చూసిన పనివాళ్లు కోర్టుకి వెళ్లారు. ఇంత పాత బట్టీలు నిలపాల్సినవా, కూల్చాల్సినవా అన్నది పాత కట్టడాల అధికారి వచ్చి చూసి చెప్పాలి. ఆయన వచ్చేదాకా మంట ఉన్న బట్టీని ఎవరూ ముట్టుకోకూడదన్నారు జడ్జిగారు. మంట లేనివాటి గురించి ఏమీ అనలేదు. అనలేదు కదా అని పక్కనే కుండలు కాల్చే ఆవాలను, ఆ చిన్న బట్టీలను, వరసకి వరస నేలమట్టం చేశారు. మిగిలింది ఈ పెద్ద బట్టీ ఒక్కటే. దాని కడుపులో నిప్పు ఉన్నంతసేపే దానికి ప్రాణం.

ఇక అధికారిగారి సంగతి. మొదటిసారి ఆయనకి కారు దొరకలేదు. రెండోసారి కారు దొరికింది గానీ ఆయనకి జలుబు చేసింది. ఇప్పుడు సోమవారం అన్నారు. ఇవాళ శనివారం. ఒక పెద్దమనిషి ముక్కు బాగుపడేదాకా ఒక కుటుంబం పగలూ రాత్రీ పొయ్యి ముందు కూర్చుని కళ్లు కాల్చుకోవాలన్నమాట. న్యాయం ఎంత చక్కగా నడుస్తోందో చూడండి.

"చిన్న మంట మీద ఉంచు నాన్నా అని చెప్పి వచ్చాను. కుళాయి దగ్గర వరసలో నిలబడి ఒక్క బిందె నీళ్లు తెచ్చుకునేంతసేపు నిన్ను నమ్మాను," అంది అచ్చులమ్మ.

"చిన్న మంటైనా మంటే కదమ్మా. పెంకు పండింది. పండాక కూడా మంట పెడితే వంగిపోతాయి. ఒకదానికొకటి అతుక్కుని ముద్దైపోతాయి."

"అయితే అవనీ!"

"పండిన పెంకుని మాడ్చమంటావా?"

ఆ ప్రశ్న వేసినప్పుడు మేస్త్రి ముఖంలో నిజమైన ఆశ్చర్యం ఉంది. కన్నకూతురి నోట అలాంటి మాట వస్తుందని ఆయన అనుకోలేదు. చిన్నప్పటి నుంచి ఆయనకి చేతనైన పని ఒక్కటే, సరైన సమయానికి మంట ఆపడం. తెల్లవారుతుంటే కన్నులోకి చూశాడు. లోపల రంగు కుదిరింది. చేతులు వాటంతటవే మట్టి కలిపాయి. కోర్టూ జడ్జీ ఆ చేతులకి గుర్తు రాలేదు.

పెద్దావిడ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఫ్యాక్టరీకి ఫ్యాక్టరీ కూల్చేస్తుంటే నీకు పెంకులు వంకరపోతాయని దిగులా? ఎవరి కోసమయ్యా ఆ పెంకులు? కొనేవాడున్నాడా? తీసుకెళ్లే బండి ఉందా? ఎవడి నెత్తిన పెడతావు?"

మేస్త్రి తల ఎత్తి ఇంటి కప్పు వైపు చూశాడు. వెంటనే తల దించేసుకున్నాడు.

ఆ కప్పు గురించి కొంచెం చెప్పాలి. పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ఇళ్ల మీద మంచి పెంకు ఉండదు. మంచివి లారీ ఎక్కి ఎవరెవరి ఊళ్లకో వెళ్లిపోతాయి. వంగినవీ, అంచు విరిగినవీ, మాడినవీ మాత్రం పనివాళ్లు పట్టుకుపోవచ్చు. మన మేస్త్రి మంటలో చెడిపోయే పెంకులు బహు తక్కువ. అందుకని సొంతింటి కప్పు నిండటానికి ఆయనకి ఏళ్లు పట్టింది. అది కూడా మిగతా మేస్త్రీల చలవే. ఆ కప్పు మీద ఏ పెంకూ పక్కదానితో కలవదు. వాన వస్తే పెద్దావిడ గిన్నెలన్నీ నేల మీదకి దిగుతాయి, పడుకునే చోటు ఆమె ప్రతిసారీ కొత్తగా వెతుక్కోవాలి.

ఈ ఆఖరి బట్టీ పేర్చేటప్పుడు మేస్త్రి అన్నాడు, "ఇది దిగగానే మొదటి రకం మన కప్పుకే. ఎవడు అడ్డం వస్తాడో చూస్తాను" అని. "చాల్లే, చాలా చూశాం" అంది ఆమె. అన్నదే గానీ, ఆ రోజు నుంచీ వాకిట్లోకి వచ్చినప్పుడల్లా ఒకసారి కప్పు వైపు చూసి వెళ్తోంది.

ఇప్పుడు ఆమె నడుం మీద చేతులు కిందికి జారాయి.

"నాకోసమా?" అంది.

మేస్త్రి పెంకుని తువ్వాల్లో చుట్టి నడుముకి కట్టుకున్నాడు.

"నేనడిగానా?"

"అడిగావు."

"ఎప్పుడు?"

"పెళ్లైన కొత్తలో. మొదటి వానకి."

పెద్దావిడ గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎప్పుడో అడిగింది ఇప్పుడు తెస్తావా? బుద్ధిలేని మనిషీ! ఇంకో రెండు రోజులు ఆగి తెస్తే నేను చచ్చిపోతానా?" అని తిడుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. అచ్చులమ్మ తండ్రి మీద అరవబోయి, పడిపోయిన బిందెని నిలబెట్టింది. కోపం అలాగే ఉంది, పోవడానికి దారి మూసుకుపోయింది.

అరుగు మీద చాప కదిలింది. గోడ వైపు తిరిగి పడుకున్న అల్లుడు లేచి కూర్చున్నాడు.

ఇతను ఇదివరకు ఫ్యాక్టరీకి ట్రాక్టరు మీద బంకమన్ను తోలేవాడు. తాళం పడ్డాక చాలా చోట్ల తిరిగి చివరికి ఒక కాంట్రాక్టరు దగ్గర బుల్డోజర్ మీద చేరాడు. నేల చదును చేసే పని అన్నారు. తీసుకెళ్లి కుండల ఆవాల ముందు నిలబెట్టారు. వెనక్కి వచ్చేయాల్సింది. రాలేదు. పోయిన వారం అన్నిటినీ కూల్చాడు. వాటిలో చివరిది, పెద్దావిడ కోడలిగా వచ్చిన కొత్తలో కుండలు పేర్చిన ఆవం. ఆ రోజు నుంచి అత్త అతనితో మాట్లాడటం లేదు. పెళ్లాం మాట్లాడుతుంది గానీ, ఆ మాటల కంటే అత్త మౌనమే నయం.

"మావయ్యా," అన్నాడు మెల్లిగా. "లోపల ఇంకా ఎర్రగానే ఉంటుంది కదా? ఎవరూ చూడకముందే మళ్లీ అంటించండి."

పెద్దావిడ కళ్లు తుడుచుకుని పక్కనున్న స్తంభం వైపు తిరిగింది.

"విన్నావా స్తంభమా? కూల్చేవాళ్లు మనకి సలహా చెబుతున్నారు. ఎంత దయ!"

"అత్తా..."

"స్తంభమా, నన్ను అత్తా అని పిలవొద్దని చెప్పు. నాకు అల్లుడు ఉండేవాడు. ట్రాక్టరు తోలేవాడు. ఏమైపోయాడో తెలీదు."

అంతలో అల్లుడి ఫోన్ మోగింది. అవతలి గొంతు ఫోన్‌లోంచి కంటే వీధిలోంచే వినిపిస్తోందేమో అన్నంత గట్టిగా ఉంది. సైటు మేనేజరు. అన్నం తినేటప్పుడు కూడా పసుపుపచ్చ హెల్మెట్ తియ్యడు కాబట్టి వీధిలో అందరూ అతన్ని హెల్మెట్ అనే అంటారు.

"ఏమయ్యా, పొగ ఆగింది కదా! ఇంకా పడుకున్నావా? మిషన్ తీసుకురా. సోమవారానికి మొత్తం చదునైపోవాలి. చూడ్డానికి ఏమీ లేకపోతే, చూడ్డానికొచ్చే ఆయనకి కూడా పని తేలిక."

నవ్వు వినిపించింది. ఫోన్ ఆగింది.

అల్లుడు చాప చుట్టి గోడకి ఆనించాడు. చెప్పులు వేసుకున్నాడు.

"వెళ్తున్నావా?" అంది అచ్చులమ్మ.

"నేను వెళ్లకపోతే ఇంకొకడిని పంపుతారు."

"పంపనీ. వాడు నా మొగుడు కాదుగా."

"ఇంట్లో పొయ్యి వెలగాలి కదా?"

"అందుకని బట్టీ ఆర్పుతావా? నా చేత్తో అచ్చు వేసిన ప్రతి పెంకూ అందులో ఉంది. నా చిన్నతనం అంతా ఆ గోడల మధ్యే ఉంది. నువ్వు నన్ను మొదటిసారి చూసింది కూడా అక్కడే, సిగ్గులేనివాడా. బంకమన్ను దించి, మట్టి చేతులతోనే మంచినీళ్లు అడిగావు."

అతను వీధిలోకి దిగి, గోడ పక్క సందులోంచి గేటు వైపు నడిచాడు. అచ్చులమ్మ అతని వీపు కనిపించినంతసేపూ చూసింది. తరవాత తండ్రి చెయ్యి పట్టుకుంది.

"పద నాన్నా. వాళ్లొచ్చేలోపు."

*

గేటు పక్కన కంపెనీవాళ్ల బోర్డు ఉంది. దాని మీద మెరిసే మేడలు, మేడల ముందు నవ్వే మనుషులు. మేడలకి బట్టీ పేరే పెట్టారు. పాతదనం అంటే ఈ కాలంలో కొనేవాళ్లకి మోజు కదా. లోపలికి వెళ్లే దారిలో ఒక పొగగొట్టం బొమ్మ నిలబెడతారట, సిమెంటుతో, చుట్టూ రంగు దీపాలు పెట్టి. నిజం పొగగొట్టాన్ని పడగొట్టి దాని బొమ్మ కట్టడానికి ఎంత సిగ్గు వదిలేయాలి! పెద్దావిడ ఆ బోర్డు దాటేటప్పుడల్లా దాని మీద ఉమ్మేస్తుంది. ఇవాళ అందుకు కూడా తీరిక లేదు.

వాళ్లు చేరేసరికి హెల్మెట్ అక్కడే ఉన్నాడు. అల్లుడు బుల్డోజర్ మీద కూర్చుని ఉన్నాడు. ఇంజను గురగురమంటోంది. దాని ముందు పార, బట్టీ గోడకి నాలుగు బారల దూరంలో ఆగి ఉంది.

బట్టీ చుట్టూ నోళ్లన్నీ కొత్తగా మెత్తిన మట్టితో మూసి ఉన్నాయి. ఆ మట్టి మీద మేస్త్రి వేళ్ల గుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"రండి, రండి. ఇంటిల్లిపాదీ వచ్చారే!" అన్నాడు హెల్మెట్. "మంచిదే. అందరి ముందూ తేలిపోతుంది. పొగ లేదు. నోళ్లు మూసేశారు. ఇంకేం మంట?"

"లోపల ఎర్రగా ఉంది," అంది అచ్చులమ్మ. "చెయ్యి పెట్టి చూడు, నమ్మకం లేకపోతే."

"వేడి వేరమ్మా, మంట వేరు. నీతో నాకెందుకు? మేస్త్రీ, నువ్వు చెప్పు. నువ్వు అబద్ధం ఆడవని ఈ చుట్టుపక్కల అందరూ అంటారు. నీ మాటే నాకు కోర్టు. ఇప్పుడు ఈ బట్టీలో మంట ఉందా, లేదా?"

అచ్చులమ్మ తండ్రి చెయ్యి గట్టిగా నొక్కింది. ఒక్క మాట. ఉంది అంటే చాలు. ఆయన జీవితంలో ఒక్క అబద్ధం. అడిగినవాడు కూడా దానికి తగినవాడే.

మేస్త్రి బట్టీ వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"లేదు," అన్నాడు.

అచ్చులమ్మ కళ్లు మూసుకుంది. పెద్దావిడ నోట్లోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది.

"విన్నారు కదా?" హెల్మెట్ చేతులు దులుపుకున్నాడు. "పెద్దమనిషి అంటే అలా ఉండాలి. ఏయ్, పోనివ్వు మిషన్!"

"ఆగు," అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు లేదన్నాను. కాసేపట్లో ఉంటుంది."

గోడకి ఆనించిన గునపం తీసుకున్నాడు. మొదటి నోటి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తెల్లవారుజామున తను మెత్తిన మట్టిని తనే పొడిచాడు. తడి మట్టి పెళ్లలుగా ఊడి పడింది. వెనక ఇటుకలు లాగేశాడు. లోపలి ఎరుపు ఆయన ముఖం మీద పడింది.

"నాన్నా, కట్టెలు?"

కట్టెల కుప్ప ఉండాల్సిన చోట నేల మీద బెరడు ముక్కలు తప్ప ఏమీ లేవు. సైటులో ఉన్న సరుకంతా కంపెనీదేనంటూ నిన్న మధ్యాహ్నమే లారీకి ఎత్తించుకుపోయారు. పనివాళ్లు మోసి పేర్చిన కట్టెలు. అడిగితే, కాగితం ఉందా అన్నారు. రాత్రంతా మండింది వీధివాళ్లు ఇచ్చిన విరిగిన మంచాలూ, కాలు లేని బల్లలూ. వాటిలో మిగిలింది ఒక మోపు.

అచ్చులమ్మ ఆ మోపు తెచ్చి తండ్రి పక్కన పడేసింది. మేస్త్రి ఒక మంచం కోడు తీసుకున్నాడు. నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. చెయ్యి ముందుకి వెళ్లలేదు.

అందరూ చూస్తున్నారు.

"ఇవ్వు," అంది పెద్దావిడ. ఆయన చేతిలోంచి కోడు లాక్కుంది. "నాకోసమే కదా ఆపావు? నేనే వేస్తాను. నాకొద్దయ్యా నీ మంచి పెంకులు. నాకు అలవాటైపోయింది, ఎక్కడ కారుతుందో తెలుసు, గిన్నె ఎక్కడ పెట్టాలో తెలుసు." అని లోపలికి విసిరింది.

అగ్గిపుల్ల అవసరం రాలేదు. పడ్డ కట్టె పడ్డట్టే భగ్గుమంది. ఆ తరవాత మేస్త్రి చేతులు కదిలాయి. ఒక్కొక్కటీ అందుకుని వేశాడు. పైన పొగగొట్టం ఒకసారి దగ్గినట్టు నల్లటి ముద్ద వదిలి, తరవాత సాఫీగా పొగ మొదలుపెట్టింది. గోడ అవతల వీధిలో ఎవరో కేక వేశారు, ఆ కేకకి ఇంకో కేక తోడైంది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పొగ వల్ల అని చెప్పుకోవడానికి ప్రయత్నించలేదు.

"ఇప్పుడు అడుగు," అన్నాడు.

"ఏమిటి?"

"ఇందాక అడిగావుగా, ఉందా లేదా అని. అడుగు."

హెల్మెట్ అడగలేదు. ముఖం ఎర్రబడింది. "ఇదేం ఆట? ఆరిన బట్టీ ఆరినట్టే. మళ్లీ అంటిస్తే చెల్లదు."

"మంట ఉన్న బట్టీని ముట్టుకోవద్దన్నారు జడ్జిగారు," అంది అచ్చులమ్మ. "ఉంది. కనిపిస్తోంది. అయినా కూలుస్తానంటే కూల్చు. గోడ పగిలిందంటే లోపల ఉన్న నిప్పంతా బయటికి దూకుతుంది. ముందు కాలేది నువ్వు కాదులే. మిషన్ మీద కూర్చున్నవాడు." ఆఖరి మాట అంటూ ఆమె హెల్మెట్ వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది. వారం తరవాత మొదటిసారి ఆ చూపులో కోపంతో పాటు భయం కూడా ఉంది.

"పోనివ్వు!" హెల్మెట్ అరిచాడు. "ఏమిటి చూస్తున్నావు? జీతం తీసుకుంటున్నావా లేదా?"

గురగురమంటున్న ఇంజను ఆగిపోయింది.

అల్లుడు తాళం చెవి తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. దిగలేదు. ఇంజను ఆగాక బట్టీ లోపల మంట చప్పుడు అందరికీ వినిపించింది.

హెల్మెట్ కాసేపు అతన్నీ, బట్టీనీ మార్చి మార్చి చూశాడు. తరవాత మిగిలిన మోపు చూశాడు. నవ్వు తిరిగి వచ్చింది. వాచ్‌మన్ గది ముందున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, బట్టీకి ఎదురుగా వేసుకుని, కాలు మీద కాలు వేసుకున్నాడు.

"సరే మేస్త్రీ. మంట ఉంది, ఒప్పుకుంటాను. ఆ పుల్లలు ఎంతసేపు వస్తాయి? మధ్యాహ్నం దాకానా? నాకేం తొందర లేదు. నేను కూర్చుంటాను."

ఒళ్లు మండిపోయే మాట. కానీ నిజం. వీధిలో ఇవ్వాల్సినవాళ్లంతా ఇచ్చేశారు. ఇంకా ఇవ్వమంటే వాళ్లు పడుకునే మంచాలే ఇవ్వాలి.

మేస్త్రి బట్టీ కన్ను దగ్గరికి వెళ్లాడు. అలవాటుగా వంగాడు. చూడకుండానే లేచి, కన్నుకి బిరడా బిగించేశాడు. లోపల వరసలో పైనున్న పెంకులు ఈపాటికి మెత్తబడి ఉంటాయి. అది ఆయన చూడదలుచుకోలేదు. నడుముకి చుట్టుకున్న తువ్వాల్లోంచి నమూనా పెంకు తీసి పెళ్లానికి ఇచ్చాడు.

"ఇదొక్కటే మిగులుతుంది," అన్నాడు.

పెద్దావిడ దాన్ని రెండు చేతులతో అందుకుంది. ఎంత చక్కగా ఉంది! అంచులు తీర్చినట్టున్నాయి. దాన్ని తిప్పి తిప్పి చూసింది. తరవాత తలెత్తి, విరిగిన గోడ సందులోంచి వీధి అవతలికి చూసింది. అక్కడ వాళ్ల ఇల్లు కనిపిస్తోంది. ఎగుడుదిగుడు పెంకుల కప్పు. ఆ పెంకుల కింద, ఏళ్ల తరబడి పొగ పట్టి గట్టిపడ్డ వాసాలు, నడుమ పెద్ద దూలం.

"అమ్మా, ఏమిటి చూస్తున్నావు?" అంది అచ్చులమ్మ. తల్లి ముఖం చూశాక ఆమెకు అర్థమైంది. "వద్దు. అమ్మా, వద్దు! వానలు దగ్గర పడ్డాయి."

"వాన ఎప్పుడు మన ఇంట్లోకి రాలేదే?" అంది పెద్దావిడ. "ఇప్పుడు దర్జాగా వస్తుంది, అంతే."

మేస్త్రి నోరు తెరిచాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఆ పెంకుని గుండెలకి ఆనించుకుని తిన్నగా బుల్డోజర్ దగ్గరికి నడిచింది. పక్కన మాట్లాడటానికి స్తంభం ఏదీ లేదు.

"దిగు," అంది.

అల్లుడు ఆమె వైపు చూశాడు.

"నీతోనే. కూల్చడం చేతనవునుగా? మా కప్పు దించాలి. నిచ్చెన పెరట్లో ఉంది."

అతను దిగాడు. తాళం చెవిని హెల్మెట్ ఒళ్లో పడేశాడు. "ఏయ్, ఎక్కడికి? రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు, విన్నావా?" అన్న మాట వెనక నుంచి వస్తూనే ఉంది. అతను వెనక్కి తిరగలేదు. అచ్చులమ్మ అతని పక్కనే నడిచింది. గోడ సందు ఇరుకు కదా, దాటేటప్పుడు అతను ఆగి ఆమెకు దారి ఇచ్చాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని దాటింది.

నిచ్చెన వేశారు. అతను ఎక్కాడు. మొదటి పెంకు తీశాడు. బాగా వంగి, ఒక మూల మాడిన పెంకు. కింద నిలబడ్డ భార్య చేతికి అందించాడు. ఆమె గోడ వారగా నిలబెట్టింది. రెండోది. మూడోది. వీధిలో జనం పోగయ్యారు. ఏం జరుగుతోందో ఎవరికీ చెప్పాల్సిన పని రాలేదు. పక్కింటాయన తన నిచ్చెన కూడా తెచ్చి రెండో వైపు వేశాడు. కప్పులో పెద్ద కంత పడి ఇంట్లోకి ఎండ దిగింది. పెద్దావిడ గిన్నెలూ, దుప్పట్లూ, గోడకున్న అద్దం ఆ ఎండలో బయటపడి, పరాయి ఇంటి సామానులా కనిపించాయి.

మొదటి వాసం ఊడింది. ఇద్దరు మగవాళ్లు దాన్ని భుజాల మీద వేసుకుని గోడ సందులోంచి బట్టీ దగ్గరికి తెచ్చారు. మేస్త్రి దాన్ని గుర్తుపట్టాడు. తన చేత్తో చెక్కి ఎక్కించింది. ఒక చివర పట్టుకుని నోట్లోకి తోశాడు. ఎండిన కర్ర చిటపటమంటూ అంటుకుంది.

"సోమవారం దాకా వస్తుంది," అన్నాడు, హెల్మెట్‌కి వినబడేలా. "వాసాలు, దూలం అన్నీ లెక్కేసుకుంటే వస్తుంది."

హెల్మెట్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. "అలాగే సార్. అలాగే సార్," అంటున్నాడు. మాట్లాడటం అయ్యాక కుర్చీలోంచి లేచాడు. వాసం మండటం చూశాడు, గోడ సందులోంచి సగం ఊడిన కప్పు చూశాడు. ఈసారి నవ్వలేదు. నవ్వడానికి అతనికి కూడా మొహం చెల్లలేదు.

"మేస్త్రీ," అన్నాడు. "అధికారిగారు సోమవారం రారట. వచ్చే శుక్రవారం అంటున్నారు."

మేస్త్రి చేతిలో గునపం కింద పడింది. అచ్చులమ్మ అప్పుడే ఇంకో మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది, ఆ మాట విని అక్కడే నిలబడిపోయింది.

పెద్దావిడ చేతిలో పెంకు ఇంకా అలాగే ఉంది. ఆమె గోడ సందు దాకా వెళ్లి, అవతల కప్పు మీదున్న మనిషిని గొంతెత్తి పిలిచింది.

"అల్లుడూ! వాసాలయ్యాక దిగిపోకు. తలుపులు కూడా ఉన్నాయి."